అమ్మ మెచ్చిన నిషేధం

మద్యనిషేధం ఎత్తేస్తారని పేపర్లో వచ్చిన రోజు, బందరులో నేను పనిచేసే ఆడపిల్లల స్కూల్లో స్టాఫ్ రూమంతా ఒకటే గగ్గోలు. "ఇక పేదాళ్ళ కొంపలు కూలినట్టేనండీ. ఇన్నాళ్ళూ ఆ చట్టమే ఆడవాళ్ళ పసుపు కుంకుమలు కాపాడింది" అన్నారు లెక్కల టీచరుగారు. అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. "ఏ పేదాళ్ళని చూశారండీ మీరు?" అన్నాను. "అదేంటండీ, మీరూ ఆడవాళ్ళే కదా!" అని ఆవిడ నన్ను వింతగా చూశారు. ఇంతలో బెల్లు కొట్టారు. చెప్పాల్సింది కడుపులోనే పెట్టుకుని క్లాసుకి వెళ్ళిపోయాను. ఇప్పుడు చెప్తున్నాను.

మాది దివిసీమలో సముద్రం వైపు ఊరు. నాన్న తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. గీసేవాడే గాని చుక్క నోట్లో పోసుకునేవాడు కాదు. అమ్మ మేనబావని కోరి చేసుకుంది అందుకే. తాతయ్య తాగొచ్చి అమ్మమ్మని చావబాదుతుంటే గడ్డివాము వెనక నక్కి పెరిగిన మనిషి ఆవిడ. ఈ లోకంలో ఆవిడకి కావలసింది ఒక్కటే, తాగని మొగుడు. దొరికాడు.

నిషేధం వచ్చినప్పుడు మా పేటంతా నెత్తీనోరూ బాదుకుంటుంటే అమ్మ ఒక్కతే సంబరపడింది. "పోతే పోనీ బావా, ఆ పాపిష్టి కూడు మనకెందుకు? బెల్లం కాచుకుందాం" అంది. తియ్యటి రసం దించడానికి మాత్రం లైసెన్సు ఇచ్చేవారు. రసం పట్టే లొట్టి కుండ లోపల సున్నం పూసి చెట్టుకి కడితే రసం పులవదు. పులిసిందా, అది కల్లు; కల్లయితే నేరం. ఆ సున్నం పూసే పని అమ్మ ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. వేళ్ళు పొక్కిపోయినా సరే. మునుపటంత రాబడి లేదు గాని, అమ్మ మొహం మాత్రం కళకళలాడుతూ ఉండేది.

మరి తాగేవాళ్ళు మానేశారా? రామరామ! మడ అడవిలో సారా బట్టీలు లేచాయి. పెట్టించింది ఊళ్ళో పెద్దాయనేనని చంటిపిల్లలకి కూడా తెలుసు. ఆయన జోలికి ఎవడొస్తాడు?

ఒక ఏడు వేసవి సెలవులకి నేను ఇంట్లో ఉన్నప్పుడు అకాల వాన దంచేసింది. లొట్టుల్లోకి నీళ్ళు చేరి సున్నం కొట్టుకుపోయింది. పొద్దున్నే నాన్న దించేసరికి రసం నురగలు కక్కుతోంది. పారబొయ్యబోతుండగా ప్రొహిబిషన్ ఇనస్పెక్టరు చెట్టు కిందికి వచ్చి నిలబడ్డాడు.

"ఏరా, కల్లు గీస్తున్నావా?"

"కాదండయ్యా, వాన పడిందండి. సున్నం పోయిందండి."

"అయితే వాన మీద రాయమంటావా కేసు?"

అమ్మ పరిగెత్తుకొచ్చింది. "బాబుగారూ, సున్నం నేనే పూశానండి, నా చేతులు చూడండి" అని రెండు చేతులూ చాపింది. ఆయన చూడనైనా చూడలేదు. నాన్నని బందరు తీసుకుపోయి జైల్లో పెట్టారు.

తిరిగొచ్చేసరికి లైసెన్సు పోయింది. జైలుకెళ్ళొచ్చినవాడని కోతలకి కూడా ఎవరూ పిలవలేదు. మేం గంజి తాగి పడుకున్న రోజులవి. చూసి చూసి, పని ఇస్తానన్న ఒకే ఒక్క చోటికి నాన్న వెళ్ళాడు. మడ అడవిలో బట్టీకి. "కూలి పనే కదే" అన్నాడు.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం నాన్న ఇంట్లోకి వచ్చి పీట మీద కూర్చున్నాడు. అన్నం వడ్డించబోయిన అమ్మ వెనక్కి జరిగింది. ఆ వాసన నాకూ తగిలింది.

"నువ్వు కూడానా బావా?"

"నడుం లోతు బురదలో, ఆ పొగలో నిలబడాలంటే ఒక గుక్క పడకపోతే చెయ్యి ఆడటంలేదే" అన్నాడు నాన్న తల దించుకుని.

గుక్క కాస్తా గ్లాసయింది, గ్లాసు సీసా అయింది. నాన్న ఎన్నడూ అమ్మ మీద చెయ్యెత్తలేదు. అయినా ఆవిడ ఆయనతో మాట్లాడటం మానేసింది. ఆయన కడుపు ఉబ్బి మంచాన పడ్డాక నోట్లో గంజి పోసేది, ఒళ్ళు తుడిచేది, పిలిస్తే మాత్రం పలికేది కాదు. "ఏమే, ఒక్కమాటనవే" అంటూనే పోయాడు మా నాన్న.

పెద్దకర్మ నాడు నేను ఉండబట్టలేక అనేశాను. "అమ్మా, నాన్న తాగుబోతు కాదే. ఆ చట్టమే ఆయన్ని తాగుబోతుని చేసింది."

అమ్మ కస్సుమని లేచింది. "చట్టాన్నేమీ అనకు. చట్టం మంచిదే. ఎందరు ఆడాళ్ళు సుఖపడ్డారో దానివల్ల. మీ నాన్నే మంచోడు కాదు."