చిన్నాన్న చేయని ప్రదక్షిణం

మా ముత్తాత ఏడు ఊళ్ళకు మొఖాసాదారు. మా తాత జిల్లా బోర్డు మెంబరు. ఆయన గుర్రబ్బండి వస్తుంటే సంతలో జనం రెండు పక్కలకూ ఒదిగేవారు. ఈ ఉదయం నేను సర్కిల్ ముందు స్కూటర్ ఆపి, కుడివైపు నుంచి తిరిగి వచ్చే బళ్ళన్నీ పోయేదాకా కాలు నేలకు ఆన్చి నిలబడ్డాను. వెనక ఆటోవాడు "ఎల్లండి మాస్టారూ, ముహూర్తం పెట్టించాలేటి?" అన్నాడు. నేను కదల్లేదు. సర్కిల్‌లో ఉన్నవాడికే ముందు దారి.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు ఆ జంక్షన్‌లో గుండ్రటి దిమ్మె కట్టి, మీద ఒక నాయకుడి విగ్రహం నిలిపారు. ఒకప్పటి పంచాయతీ సమితి ఎన్నికల్లో మా తాతను ఓడించిన మనిషి. మా చిన్నాన్న పంచె నలగకుండా అంబాసిడర్ తానే నడిపేవారు. కుడిచేతి చీపురుపల్లి రోడ్డులోకి పోవాలంటే ఎడమగా బయల్దేరి దిమ్మెను ముప్పావు వంతు చుట్టాలి. కానిస్టేబులు ఎన్నోసార్లు బతిమాలాడు. "బాబుగారూ, సుట్టు తిరిగి ఎల్లాల."

"ఆడికి నేను పెదచ్చినం సెయ్యాలేటి? మీ బాబుని సెయ్యమను!" అని చిన్నాన్న దగ్గరి దారిన, వచ్చే బళ్ళకు ఎదురుగా కుడికి కోసేవారు. ఇంట్లో ఆ మాట చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం.

ఆ రోజు నేను పక్క సీట్లో ఉన్నాను. వద్దనలేదు. మా ఇంట్లో పెద్దవాళ్ళు బండి నడుపుతుంటే చిన్నవాళ్ళు దారి చెప్పరు. నాకప్పటికి నలభై ఆరేళ్ళు.

చీపురుపల్లి రోడ్డు మొదట్లో, తెల్లగీతల మీద, వీధులు తిరిగి చేపలమ్మే ఆవిడ గంపతో దాటుతోంది. బళ్ళు రావలసిన కుడివైపే చూస్తోంది. మేం ఎడమవైపు నుంచి వచ్చాం. గంప పడింది. చేపలు బానెట్ మీదా, రోడ్డు మీదా. నాకు శబ్దం ఏదీ గుర్తులేదు.

ఆసుపత్రిలో ఆమె, తప్పు తనదే అన్నట్టు, "అటేపు నుండి బళ్ళు రావు కద బాబూ. అందుకే ఇటే సూసాను" అంది.

చిన్నాన్న తలుపు దగ్గరే నిలబడి, "అవునమ్మా, రావు" అన్నారు. ఆ తరవాత ఆయన స్టీరింగ్ పట్టలేదు. ఆమె గంప ఎత్తలేదు. మోకాలు వంగదు, గుమ్మంలో కూర్చుని ఎండుచేపలు అమ్ముతుంది.

నాలుగేళ్ళయింది. కాలం నాలో ఏం మార్చిందంటే చెప్పలేను. దుఃఖమూ రాదు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం రెండు వైపులా చూస్తాను.

ఆమె కాలి ఆపరేషన్లకు గజపతినగరం దగ్గరి జీడితోట అమ్మాం.