మగ్గం గుంతలో సారై

కొత్త నేతచీర మడత విప్పగానే వచ్చే గంజి వాసనకు, తిరుత్తణిలో మా నాన్న కాళ్లు దించి కూర్చొని నేసే మగ్గం గుంత గుర్తొస్తుంది. ఒకనాడు పక్కింటి తమిళామె అందులోకి తొంగిచూసి "సారై వందిరుక్కు!" అని కేక పెట్టింది. కొత్త వదిన పుట్టింటి నుంచి సారె వచ్చిందనుకొని, లడ్డూల కోసం పరుగెత్తాను. తమిళంలో సారై అంటే జెర్రిపోతు. గుంతలో చుట్టుకొని ఉంది.

మామ కర్ర ఎత్తాడు. నాన్న అడ్డుపడ్డాడు.

"కొట్టొద్దురా. దానికి విషం లేదు, నూలు కొరికే ఎలకల కోసరం వచ్చిండాది."

"మరి నీ కాళ్లు యాడ పెడతావు బావా?"

"ఈ పొద్దుకు గుంత దానిదే. తలుపు తీసిపెట్టి బయట కూకుందాం రాండి."

అది గడప దాటేదాకా నాన్న మమ్మల్ని గట్టిగా మాట్లాడనివ్వలేదు. పాము కనబడితే ఇప్పటికీ నా చెయ్యి ముందు తలుపు గడియ తీయడానికే పోతుంది. అది నాన్న చలవే.