పద్నాలుగు పేర్లు వచ్చేదాకా

మొన్న మంగళవారం తెల్లవారుతుండగా మా మేనత్త పోయింది. రాయచూరులో ఆమెకు వాటా ఉన్న పత్తి మిల్లు ఆ రోజు నడవలేదు. మూయమని ఎవరూ చెప్పలేదు. పత్తిలో చెత్త ఏరే ఆడవాళ్ళంతా మా ఇంటి ముందే ఉంటే మిల్లెట్లా నడుస్తుంది?

అత్త కూడా ఒకప్పుడు వాళ్ళతో కూర్చుని పత్తి ఏరినదే. పిడికెడు పత్తిని వేళ్ళతో లాగి చూసి, ఇది మాన్విది, ఇది జాలహళ్ళిది అని ఊరి పేరు చెప్పేది. నేను నమ్మక బస్తా మీది చీటీ చూసేదాన్ని. చాలాసార్లు నేనే ఓడిపోయేదాన్ని.

మిల్లు మూతపడబోయినప్పుడు అత్త తన పొలం అమ్మి, మరో పద్నాలుగు మంది ఏరేవాళ్ళు దాచుకున్నది కలిపి, అందులో భాగస్వామిగా చేరింది. దస్తావేజులో అన్ని పేర్లు పట్టవన్నారు. అందరి వాటా అత్త పేరు మీదే రాశారు. మిల్లు నిలబడింది, బాగుపడింది కూడా.

మూడేళ్ళ కింద మిల్లు యజమాని ఆ భాగస్వామ్యాన్ని కంపెనీగా మార్చి, ఆ తర్వాత షేర్లు మార్కెట్లోకి తేవాలనుకున్నాడు. దానికి భాగస్తులందరి సంతకాలూ కావాలి. అత్తకు సంతకం చేయడం తప్ప చదువు రాదు, కాగితాలు నేనే చదివి వినిపించాను. నేనొక వరుస దాటేస్తే చాలు, "మధ్యల ఏందో మింగినవ్. మళ్ల చదువు" అనేది.

అత్త తప్ప మిగతా భాగస్తులందరూ సంతకాలు చేశారు. యజమాని మా ఇంటికే వచ్చాడు.

"అక్కా, షేర్లు నీ పేరు మీద రానియ్యి. ఆనంక నువ్వే వాళ్ళకు పంచు. ఎవరు వద్దన్నరు?"

"ఆనంక నేను పోతే?"

"నీ మేనకోడలు లేదా? మంచి పిల్ల."

"మంచిదే. గని దాని మంచితనం మీద వాళ్ళనెందుకు ఇడిసిపెట్టాలె? ఎవరి షేర్లు వాళ్ళ పేరు మీదనే వస్తయని రాసియ్యి. గప్పుడు దస్కతు చేస్త."

నాకు ఒళ్ళు మండింది. అత్తకు పిల్లల్లేరు, వారసురాలిని నేనే. ఆయన వెళ్ళగానే, "అందరు నిన్ను మొండిదంటున్నరు. చేసెయ్యరాదా అత్తా?" అని కసిరాను. ఆ మాటలో ఉన్నది నా ఆశే. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అత్త, "అన్నం తిను" అంది.

నాలుగు నెలలు చూసి యజమానే దిగొచ్చాడు. పద్నాలుగు పేర్లూ రాసిచ్చాడు. ఆమె మేనకోడలినని చెప్పుకోవడం ఇవాళ నాకున్న వాటిలోకెల్లా పెద్ద గర్వం.

కంపెనీ అయ్యాక జరిగిన మొదటి వాటాదార్ల సమావేశానికి నేనూ వెంట వెళ్ళాను. మిల్లు షెడ్డులో పద్నాలుగు మందీ మంచి చీరలు కట్టుకుని ముందు కుర్చీల్లో కూర్చున్నారు. ఈ ఏటి లాభం పంచకుండా కొత్త మిషన్లు కొందామని, ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తమని యజమాని అడిగాడు. అందరూ అత్త వైపు తిరిగారు. అత్త రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"నన్నేంది చూస్తరు? ఆయన్ని అడుగుండ్రి."

వాళ్ళలో ఒకామె లేచింది. "కొత్త మిషన్లొస్తే మా పని ఉంటదా, పోతదా? ముందు గది చెప్పు."

యజమాని నిలబడి జవాబు చెప్పాడు. ఎవరి పనీ పోదన్నాడు, ఆ మాట మినిట్స్ పుస్తకంలో రాయించాడు. అప్పుడు ఒక్కొక్క చెయ్యే లేచింది. ఇద్దరు మాత్రం ఎత్తలేదు. వాళ్ళ వైపూ చూసి అత్త తలూపింది. ఆ తర్వాతే, అందరికన్నా చివర, తన చెయ్యి ఎత్తింది.