మా బోర్డాయన మహిమల పుస్తకం

మా తమ్ముడు బోర్డులు రాసేవాడు. వాడిని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎప్పుడో పోయారు, ఇప్పుడు వీధి వీధంతా బోర్డాయన అనే అంటుంది. మందుల కొట్టు, చెప్పుల కొట్టు, పళ్ళ డాక్టరు, "ఇచ్చట బళ్ళు నిలపరాదు", "కుక్క ఉన్నది జాగ్రత్త", అన్నీ వాడి చేతి రాతలే. కుక్క లేని ఇళ్ళకు కూడా రాశాడు. నాకు చదువు అంతంతమాత్రం. వచ్చిన నాలుగు అక్షరాలూ వాడి బోర్డులు చూసి కూడబలుక్కున్నవే. అందుకే మూరెడు పొడుగు అక్షరమైతే గడగడా చదువుతాను, కాగితం మీద చీమల్లా రాస్తే మాత్రం నా వల్ల కాదు.

తర్వాత ప్లాస్టిక్ బోర్డులు వచ్చాయి. మిషను ఒక పక్క నుంచి గుడ్డ మింగి రెండో పక్క నుంచి బోర్డు కక్కుతుంది. ఒక్కో కొట్టు మీద మా వాడు రాసిన రేకు దించి ఆ గుడ్డ కట్టుకుంటూ పోయారు. ఆఖరికి పళ్ళ డాక్టరు కూడా దించేసిన రోజున వాడు వచ్చి మా వంటింటి గడప మీద కూలబడ్డాడు. చెయ్యి అప్పటికే కొంచెం వణుకుతోంది.

"అక్కా, ఇన్నేళ్ళు రాశాను. ఊళ్ళో నా రాత ఒక్కటీ మిగల్లేదు. ఎవరూ దించలేనిది ఒకటి రాసి పోవాలి" అన్నాడు.

"అయితే నీ సమాధి రాయి మీద రాసుకో" అన్నాను.

వాడు నవ్వలేదు. నా ఎత్తిపొడుపుకి మా వాడు నవ్వలేదంటే రోగం ముదిరిందన్నమాట.

వాడు రాద్దామనుకున్నది తన జీవితమే, కాకపోతే అందులో దేవుడు ఎక్కడెక్కడ చెయ్యి వేశాడో ఆ ముక్కలు మాత్రం. వాడికి మొదటి నుంచీ ఒక నమ్మకం ఉంది. తను నోరు తెరిచి ఏదీ అడగలేదు, అన్నీ వేళకు వాటంతట అవే అమిరాయి, కనుక వెనకాల ఎవరో ఉన్నారు. రుజువులు అడిగితే వేళ్ళు మడిచి చెబుతాడు. రంగు ఆరడానికి పెట్టిన బోర్డులు ఆరుబయట మరిచిపోయి నిద్రపోయాడట, కుండపోతగా వాన పడింది, లేచి చూస్తే బోర్డులన్నీ వసారాలో గోడకు ఆనుకుని పొడిగా ఉన్నాయట. కుంచె కడగకుండా వదిలేస్తే రంగు పట్టి రాయైపోవాలి కదా, ఎన్నిసార్లు వదిలేసినా మర్నాడు పట్టులా మెత్తగా ఉండేదట. బోర్డు ఆలస్యమైందని కొట్టడానికొచ్చిన ఇనుప కొట్టాయన గుమ్మం దాకా వచ్చి, ఏదో శక్తి అడ్డుపడినట్టు వెనక్కి తిరిగి పోయాడట. ఆ సమయంలో మా వాడు డాబా మీద నీళ్ళ తొట్టి వెనక ధ్యానంలో ఉన్నాడు. దాక్కోవడాన్ని వాడు అలా అంటాడు.

సరే, రాసుకోవయ్యా అంటే రాయడు. రాయడానికి సరంజామా కావాలన్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం.

ముందు పుస్తకాలు మొదలుపెట్టాడు. పాత పుస్తకాల కొట్టాయనకి తూకానికి కొన్న కాగితాన్ని జ్ఞానంగా అమ్మే నేర్పుంది. మా వాడు గుమ్మంలో కనబడితే చాలు, లేచి కుర్చీ వేసేవాడు. ఎలా కూర్చోవాలో ఒక పుస్తకం, ఎలా ఊపిరి పీల్చాలో ఒక పుస్తకం. ఇన్నాళ్ళూ ముక్కుతో పీల్చే బతికావు కదరా అంటే అది వేరట. మౌనం గొప్పతనం గురించి ఒకటి కొని, వారం పాటు ఇంట్లో ఎవరినీ మాట్లాడనివ్వకుండా పైకి చదివి వినిపించాడు. ఒకటైతే వాడికి రాని భాషలో ఉంది. ఎందుకు కొన్నావంటే, అట్ట మీద వెలుగు గీసినవాడు మంచి పనివాడు అన్నాడు.

తర్వాత సామాన్లు వచ్చాయి. ఏటవాలు బల్ల ఒకటి, మెడ వంచే దీపం ఒకటి, చేతులున్న కుర్చీ ఒకటి. ఆ కుర్చీని నెత్తిన పెట్టుకుని వీధంతా నడిచొచ్చాడు. దానికి జోడుగా పెన్నులు: పరుగెత్తేది ఒకటి, నిదానించేది ఒకటి. ఇవన్నీ పట్టాలి కదా, అందుకని మా మరదలి కుట్టు మిషను గదిలోంచి నడవాలోకి వచ్చింది. మా మరదలు, అంటే వాడి పెళ్ళాం, పల్లెత్తు మాట అనలేదు. ఆవిడ మాట్లాడదు. మా ఇంటి ఆడవాళ్ళ వాటా మాటలన్నీ నేనే మాట్లాడేస్తానని గిట్టనివాళ్ళు అంటారు.

ఆఖరికి ఒక రోజు రాయడానికి కూర్చున్నాడు. కాగితానికి రెండు చివర్లా దారం పట్టుకోమన్నాడు మమ్మల్ని. గోడకు చేసినట్టు, దారానికి సుద్ద రాసి టప్పున లాగి గీతలు కొట్టాడు. నాకు తుమ్ములు పట్టుకున్నాయి. పైన పేరు రాసి దానికి నీడ వేసేసరికి పొద్దు వాలింది. కింద మొదటి వాక్యం రాసి, గర్వంగా చదివాడు.

"దేవుడు కలడు. వివరములకు లోపల విచారించండి."

లోపల ఏమీ లేదు. తిరగేసి చూశాను కూడా.

పాపం, తప్పు వాడిది కాదు. పుట్టి బుద్ధెరిగి రాసింది ఇంకొకళ్ళ మాటలే, అవి కూడా ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. తన సొంత మాట అనేసరికి చెయ్యి వణకడం ఎక్కువైంది. రోజూ ఆ కుర్చీలో అంచు మీద, ఎవరో వచ్చి లేపేస్తారన్నట్టు కూర్చుని లేచి వచ్చేవాడు.

సరిగ్గా అప్పుడే ఇంకో పుస్తకం సంగతి తెలిసింది. ఆధ్యాత్మిక జీవితాన్ని ఎవరికి వారు రాసుకోవడం ఎలాగో అంచెలంచెలుగా చెప్పే పుస్తకమట. పాత కొట్టులో లేదు. ఉన్న కొట్లన్నీ తిరిగాడు. ఒక కొట్లో పెళ్ళి ఉత్తరాలు రాయడం ఎలాగో ఇచ్చారు, ఇంకో కొట్లో పెరటి కూరగాయలు పెంచడం ఎలాగో అంటగట్టారు. చివరికి లైబ్రరీలో పనిచేసే ఆవిడ, తలుపు ఊగకుండా కింద అడ్డు పెట్టిన పుస్తకాన్ని లాగి చూస్తే అదే. ఎంతో సంబరంగా తెచ్చుకున్నాడు. అప్పట్నుంచి ఆ లైబ్రరీ తలుపు లాగా వాడు కూడా కుదురుగా నిలబడలేదు.

ఆ పుస్తకం చెప్పినట్టే ఒక్కో మహిమా ఒక్కో అట్టముక్క మీద రాశాడు. ఆ తర్వాతి అంచె, దగ్గరివాళ్ళని సాక్ష్యం అడగమంది. అనుభవానికి సాక్ష్యం తోడైతే చదివేవాడికి నమ్మకం కుదురుతుందట. అట్టముక్కలు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. నేను, మరదలు చిక్కుళ్ళు ఒలుస్తున్నాం.

గొంతు సవరించుకుని, వానలో తడవని బోర్డుల సంగతి చదివాడు. నీకు గుర్తుందా అని పెళ్ళాన్ని అడిగాడు.

"ఎందుకు గుర్తుండదండీ. నేనే కదా లోపల పెట్టింది" అంది తలెత్తకుండా.

మా వాడు ఆ ముక్కని అడుక్కి నెట్టి ఇంకోటి తీశాడు. కుంచె. కిరసనాయిలులో నానబెట్టి కడిగేదాన్నని, అందుకే ఆ రోజుల్లో తన చేతులు ఎప్పుడూ కంపు కొట్టేవని చెప్పింది. మా వాడి మొహంలో నెత్తురు లేదు. ఆశ చావక ఇనుప కొట్టాయన ముక్క తీశాడు.

"ఆ శక్తి చేతిలో చీపురుంది" అంది మరదలు.

నాకు నవ్వు ఆగలేదు. "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుందిరా నీ పని" అన్నాను.

వాడు ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి సర్ది గట్టు మీద పెట్టాడు. ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని మెల్లగా అడిగాడు.

"మీరు పొద్దున్నే లేచి ఆ బోర్డులు చూసి దణ్ణం పెట్టారు. దణ్ణం పెట్టే మనిషికి అడ్డం ఎలా వస్తాను?"

"అయితే నా దగ్గరికి ఎవరూ రాలేదన్నమాట" అన్నాడు వాడు.

నా నాలుక మీద ఇంకో మాట సిద్ధంగా ఉంది, మింగేశాను. బోర్డులు దించేసినప్పుడు కూడా వాడి మొహం అలా చూడలేదు. రేకులు పోతే పోయాయి, వెనకాల ఒకరున్నారనుకుని ఇంతకాలం నిచ్చెనలెక్కినవాడు. గదిలోకి వెళ్ళి పుస్తకాలు గోనెసంచిలో వేయడం మొదలుపెట్టాడు. మేమిద్దరం వెనకాలే వెళ్ళాం. వాడి జేబులోంచి, మాకు చదవని అట్టముక్క ఒకటి సగం బయటికొచ్చి ఉంది.

అదేమిటని మరదలు అడిగింది. వాడు దాన్ని లోపలికి తోసేశాడు. అదీ నువ్వే అంటావు, వద్దులే అన్నాడు. ఆవిడ ఊరుకోకపోతే గోడ వైపు తిరిగి చదివాడు. సినిమాహాలు గోడ మీద ఆఖరి అక్షరం అందక పక్కకి వంగాడట. నిచ్చెన కింద జారింది. పోయాననుకున్నాడు. ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు నిచ్చెన మధ్యలో నిలబడిపోయింది. కిందికి చూస్తే ఎవరూ లేరు.

మరదలు ఆ ముక్క అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అది నేను కాదండీ" అంది.

వాడు నావైపు తిరిగాడు.

"నన్ను చూడకు. నేనైతే ముందు పడనిచ్చి, తర్వాత తిట్టేదాన్ని" అన్నాను. నిజమే చెప్పాను. ఆ సంగతే నాకు తెలియదు.

గోనెసంచి వాడి చేతిలోంచి జారింది. మొహం వెలిగిపోతోంది. కానీ మరదలి మొహం వేరేగా ఉంది.

"నిచ్చెన జారిందా? నాతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు" అన్నాడు వాడు.

ఇక చూడాలి. ఇన్నేళ్ళు దాచుకున్న మాటలన్నీ ఆవిడ ఒక్కసారే తీసింది. ఇంకా ఏమేం దాచారో చెప్పమంది, తను ఏమేం చేసిందో తనూ చెప్పింది, చెబుతూ చెబుతూ ఆ చేతుల కుర్చీలో నిండుగా, వెనక్కి ఆనుకుని కూర్చుంది. ఆ కుర్చీలో అలా కూర్చున్న మొదటి మనిషి ఆవిడే. మా వాడు బల్ల ముందు నిలబడి నిదానించే పెన్ను తీసుకున్నాడు. ఇంకొకళ్ళ మాటలు రాయడం వాడికి వెన్నతో పెట్టిన విద్య. చెయ్యి వణుకుతూనే ఉంది గానీ ఆగలేదు. చీపురు సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆవిడ ఒప్పుకోలేదు, ఇనుప కొట్టాయన తిట్టిన తిట్లు కూడా రాయించింది. చిక్కుళ్ళు నేనొక్కదాన్నే ఒలుచుకున్నాను.

ఇప్పటికి పుస్తకం బాగానే లావెక్కింది. కుట్టు మిషను మళ్ళీ గదిలోకి వచ్చింది, ఆవిడ కుడుతూ చెబుతుంది, వాడు రాస్తాడు. అందులో నేను చదవగలిగింది ఒక్కటే పేజీ. అది మాత్రం ఎవరి మాటా కాదు, తన మాటే రాసుకుంటానని పట్టుబట్టి, నాకు కూడా అందేలా పెద్ద అక్షరాలతో, దారం కొట్టి రాశాడు.

"నిచ్చెన జారినది. ఎవరో పట్టుకొనిరి. ఎవరో తెలియదు."

దాని కింద మరదలు దగ్గరుండి రాయించిన వాక్యం ఒకటుంది.

"ఇంట్లో చెప్పలేదు."