ఇద్దరూ చూశారా?

మొన్నీమధ్య పొద్దున్నే కుళాయి కింద బిందె నిండుతుంటే బొడ్లో దోపుకున్న ఫోను టుంగుమంది. తడి చెయ్యి చీరకి తుడుచుకుని చూస్తే, మీరు బి.ఏ. పాసయ్యారు, మార్కులు చూసుకోడానికీ స్నాతకోత్సవానికి పేరు ఇవ్వడానికీ కింద నొక్కండి అని హిందీలో ఉంది. అరవైకి దగ్గరపడ్డ ఆడదానికి, అందులోనూ ఇంటి మొత్తమ్మీద కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేని ఇంటిపిల్లకి, అలాంటి మాట కనబడితే గుండె ఎంత ఎగిరిపడాలో నా ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు. నా గుండె ఎగరలేదు. దొంగవెధవలకి నా సంగతి ఎలా తెలిసిందబ్బా అనుకున్నాను. మెసేజి చెరిపేసి బిందె ఎత్తుకున్నాను.

ఇప్పుడీ కబురు మీకు రాయకుండా నాకు చెయ్యి ఆగడం లేదు, నిజమే, కానీ అది నిజమని నమ్మడానికి నేను పడ్డ తిప్పలు ముందు చెప్పకపోతే దాని రుచి మీకు తెలీదు.

మేముండే ఈ హిందీవాళ్ళ ఊళ్ళో, మా తోర్వా పేట వీధిలో ఈ మధ్య కంప్యూటరు ఉద్యోగాల పిల్లలు బాగా పెరిగారు. ఎక్కడో పుణెలోనో బెంగుళూరులోనో ఉన్న కంపెనీ పని ఇంట్లో కూర్చునే చేసుకుంటారు. వాళ్ళంతా ఒక జట్టుగా చేరి వీధి మొదట్లో కెమెరా పెట్టించారు, ఆదివారాలు మన తెలుగువాళ్ళ హాల్లో పెద్దవాళ్ళకి ఫోను మోసాల మీద పాఠాలు చెబుతున్నారు. చెప్పే అమ్మాయి మా ఎదురింటివాళ్ళ మనవరాలే, తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ అక్షరం చదవలేదు. తెలియని లింకు నొక్కకూడదు, ఏ నెంబరూ ఎవరికీ చెప్పకూడదు, తెరమీద పోలీసు బట్టలు వేసుకుని కనిపించినవాడు పోలీసని అనుకోకూడదు, మంచి కబురు ఎంత మంచిదైతే అంత అనుమానించాలి, అదే మెసేజి మళ్ళీ మళ్ళీ వస్తుంటే వెళ్ళి పోలీసులకి చెప్పాలి. ఇవన్నీ ఆ పిల్ల హిందీలో బోర్డు మీద రాస్తే నేను తెలుగులో రాసుకునేదాన్ని. ఆ క్లాసుకి నేనే ఫస్టు.

అనుమానం నాకు కొత్తగా నేర్పక్కర్లేదనుకోండి. మా వీధిదీపం వెలగడం లేదని మా ఆయన ఫోన్లో ఫిర్యాదు పెడితే, బాగుచేశాం అని ఫొటోతో సహా జవాబు వచ్చింది. ఆ ఫొటోలో స్తంభం పక్కన వేపచెట్టు ఉంది. మా వీధిలో వేపచెట్టే లేదు. దీపం ఈరోజుకీ వెలగలేదు. ఇలాంటివి చూశాక, పాసయ్యారన్న మాట మాత్రం నిజమని ఎందుకు అనుకోవాలి? రైలుబండి చివరి పెట్టెలో గార్డుగా చేసి రిటైరైనవాడు గనక ప్రతిదాన్నీ వెనకనుంచి చూసే అలవాటున్న మా ఆయన, నేను మెసేజి సంగతి చెప్పగానే ఒక్కటే అడిగాడు.

“నీకు డిగ్రీ ఇచ్చీసి ఆళ్ళకేటే లాభం?”

అదీ నిజమేననుకుని పొయ్యి వెలిగించాను.

అయినా లోపల ఒక మూల మాత్రం కొట్టుకుంటూనే ఉంది. ఎందుకంటే పరీక్ష నేను నిజంగానే రాశాను. దూరవిద్యలో చేరి, వంట మధ్యలో చదివి, మనవల వయసు పిల్లల పక్కన బెంచీమీద కూర్చుని రాశాను. చరిత్ర పేపరు ఒకసారి పోయింది. రెండోసారీ సరిగ్గా రాయలేదని ఇంటికొచ్చి మా ఆయన ముందే ఏడ్చాను. చేరినప్పుడు ఇచ్చిన గడువు కూడా ఈ విడతతో సరి, ఇది పోతే మళ్ళీ మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టాలి, ఆ ఓపిక నాకు లేదు. కాబట్టి నా మటుకు నాకు ఇదే ఆఖరి బండి.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. నాన్న మన తెలుగు ఊరునుంచి ఇక్కడికి వచ్చి రైలింజన్ల షెడ్డులో చిన్నపనిలో చేరి, బొగ్గు పారపట్టి, చివరికి డ్రైవరయ్యాడు. అంకెలు చదవడం వచ్చు, సంతకం వచ్చు, అంతకుమించి చదువు లేదు. ఇంజనులో ఆయన పక్కన అసిస్టెంటుగా చాలాకాలం చేసినాయన మా పక్క క్వార్టర్‌లోనే ఉండేవాడు. ఆయన్ని మేం బాబాయి అనేవాళ్ళం. బండి సిగ్నల్ దగ్గరికి వచ్చేటప్పటికి డ్రైవరు దాన్ని చూసి పైకి చెప్పాలి, అసిస్టెంటు కూడా తన కళ్ళతో చూసి అదే మాట తిరిగి చెప్పాలి. నాన్న వేలు చూపించి గ్రీన్ అంటే, బాబాయి తన పక్కనుంచి తల బయటికి పెట్టి చూసి, తనూ వేలు చూపించి గ్రీన్ అనాలి. చూడకుండా అన్నా తప్పే, చూసి తల ఊపి ఊరుకున్నా తప్పే. ఇది డ్యూటీ నియమం. మా నాన్న దాన్ని డ్యూటీ దిగాక కూడా వదల్లేదు.

మా క్వార్టర్‌లో ఏ మాటా ఒక్క నోటితో చెల్లేది కాదు. ఊరికి వెళ్ళేటప్పుడు నాన్న తలుపుకి తాళం వేసి లాగి, తాళం అనేవాడు. అమ్మ చంకలో పిల్లతో, చేతిలో సంచితో నిలబడి తనూ ఒకసారి లాగి, తాళం అనాలి, అప్పుడు గానీ రిక్షా కదలడానికి లేదు. బడి నుంచి నోటీసు వచ్చిందన్నా, పెద్దాఫీసు నుంచి కుళాయి బాగుచేసేవాడు వచ్చాడన్నా, కాలనీలో తిరిగే రైల్వే పోలీసు ఫలానా పిల్లవాణ్ణి పట్టుకున్నాడన్నా, నాన్న మొదట అడిగేది ఇంకెవరు చూశారనే. మా కాలనీ అంతా ఆయన్ని అనుమానాల డ్రైవరనేది. ఆయన చిన్నబుచ్చుకునేవాడు కాదు. ఆయన చేతికింద బండి ఏనాడూ తప్పు దారి పట్టలేదు మరి.

నా పదోతరగతి ఫలితాలు మా కాలనీ బడి వరండాలో బోర్డుకి అంటించారు. అప్పట్లో మాకు తెలుగు సెక్షను ఉండేది, తరవాత్తరవాత చేరే పిల్లలు లేక అది ఆగిపోయింది. ఆడపిల్లలం వెళ్ళి చూసుకుని నేను పాసయ్యానని ఎగురుకుంటూ వచ్చి చెబితే, నాన్న సంతోషించలేదు. చొక్కా వేసుకున్నాడు. ఆడపిల్లని పదిదాకా చదివించడమే మా వాడలో కొత్త, పైగా బళ్ళోవాళ్ళు పొరపాటున పక్క నెంబరు వేశారేమోనని ఆయన భయం. పక్కింటికెళ్ళి బాబాయిని కేకేశాడు. ఇద్దరూ డ్యూటీ బట్టల్లోనే, మసిచేతుల్తోనే బయల్దేరారు, వెనక నేను.

వరండాలో జనం. నాన్న బోర్డు ముందు నిలబడి, ఇంజనులో నిలబడ్డట్టే నిటారుగా నిలబడి, నా నెంబరు మీదికి వేలు చాపి ఒక్కొక్క అంకే పైకి చదివాడు, చివర పాస్ అన్నాడు. బాబాయి పక్కకి జరిగి, తనూ చూసి, తనూ వేలు చాపి అన్నీ తిరిగి చదివి పాస్ అన్నాడు. చుట్టూ ఉన్న అమ్మలూ మేష్టర్లూ నవ్వు ఆపుకుంటున్నారు. నాకు సిగ్గుతో తల భూమిలో పెట్టుకోవాలనిపించింది. ఇంటికి రాగానే అమ్మ పొయ్యి దగ్గరనుంచి లేవకుండా, ఇద్దరూ చూశారా అంది. చూశాం అన్నాడు నాన్న. అప్పుడు అమ్మ పాయసానికి పాలు పెట్టింది.

ఆ తరవాత పెళ్ళి, పిల్లలు, వాళ్ళ చదువులు, వాళ్ళ పెళ్ళిళ్ళు. ఇంటరు కూడా వాళ్ళ పుస్తకాలు సర్దుతూ సర్దుతూ ప్రైవేటుగా కట్టి గట్టెక్కాను. నాన్న ఆ మధ్యలో ఎప్పుడో వెళ్ళిపోయాడు. డిగ్రీలో చేరాక మాత్రం ఆయన రోజూ గుర్తొచ్చేవాడు.

మళ్ళీ ఫోను దగ్గరికి వద్దాం. ఆ మెసేజి రెండోసారి వచ్చింది, చెరిపేశాను. మూడోసారి వచ్చింది. పాఠం చెప్పే అమ్మాయిని అడుగుదామంటే కంపెనీ పిలిస్తే బెంగుళూరు వెళ్ళింది. పాఠంలో చెప్పినట్టే పోలీసులకి చెప్పాలని నిర్ణయించుకుని, మా ఆయన స్కూటరెక్కి ఠాణాకి వెళ్ళాను. నిజం చెప్పాలంటే కాస్త గొప్పగానే వెళ్ళాను, దొంగని పట్టి ఇస్తున్నదాన్ని కదా.

ఫోను మోసాల బల్ల దగ్గర ఒక ఆడ కానిస్టేబులు కూర్చుని ఉంది. మా చిన్నప్పుడు పోలీసంటే నీ తండ్రి ఏ షెడ్డు అని అడిగేవాడు, ఆ ఒక్క జవాబుతో మన జాతకమంతా అతనికి తెలిసిపోయేది. ఈ పిల్ల నా తండ్రి ఊసెత్తలేదు, మెసేజి చూసి, మీరు పరీక్ష రాశారా అని హిందీలో అడిగింది. రాశానన్నాను. అయితే ఇది మోసం కాకపోవచ్చు, మీ రోల్ నెంబరు చెప్పండి, అసలు సైటులో చూస్తాను అంది. నేను చెప్పనన్నాను. ఏ నెంబరూ ఎవరికీ చెప్పొద్దని పాఠం. నేను పోలీసుని కదా ఆంటీ అంది. పోలీసు బట్టలు నమ్మొద్దని కూడా పాఠమే, ఆ మాట ఆ పిల్ల మొహం మీదే అనేశాను. మా ఆయన గోడవైపు తిరిగిపోయాడు.

ఆ పిల్లకి కోపం రాలేదు. మీకు పాఠం చెప్పినవాళ్ళకి మెడల్ ఇవ్వాలి అంటూ నవ్వి, సైటు తెరిచి, కీబోర్డు నా వైపు తిప్పి, తను మొహం పక్కకి తిప్పుకుంది. ఒక్కొక్క అంకె వెతుక్కుంటూ నొక్కాను. తెర కాసేపు తిరిగి తిరిగి తెరుచుకుంది. నా పేరు. దాని కింద తండ్రి పేరు అని మా నాన్న పేరు. కంప్యూటరులో ఆయన పేరు చూడటం అదే మొదలు. చరిత్ర ఎదురుగా పాస్. చివర పాస్.

నేను తెరమీదికి వేలు చాపి, పాస్ అన్నాను. ఆ అమ్మాయి ఇటు తిరిగి చూసి, తల ఊపి, స్నాతకోత్సవానికి పేరు ఇచ్చే గడువు మొన్ననే అయిపోయింది ఆంటీ, పట్టా పోస్టులో వస్తుందిలెండి అంది. అప్పటికే నా వెనక ఇంకెవరో ఫోను పట్టుకుని నిలబడ్డారు. నల్లగౌను, టోపీ, పిల్లల మధ్య ఫొటో, అన్నీ నేనే నా బొటనవేలితో చెరిపేసుకున్నానని తెలిసొచ్చింది. కానీ మెట్లు దిగుతుంటే నన్ను తొలిచింది అది కాదు. ఆ పిల్ల తల ఊపి ఊరుకుంది.

ఇంటికి కాదు, ఊరికి అవతలున్న తిఫ్రా పోనివ్వమన్నాను మా ఆయన్ని. బాబాయి ఇప్పుడు అక్కడ కొడుకు ఇంట్లో ఉంటున్నాడు. కంట్లో శుక్లం తీయించుకున్నాడు, చెవి మందగించింది, మనిషి అలాగే ఉన్నాడు. వరండాలో కుర్చీలో కూర్చున్న ఆయనకి సంగతంతా గట్టిగా చెబితే, మొహం చిట్లించాడు.

“ఎవుల్సెప్పినారు? ఆ పోలీసు గుంటా? ఆ గుంట అసలు పోలీసేనా?”

ఠాణాలో ఆ తెరని ఫోనుతో తీసుకొచ్చిన ఫొటో చూపించాను. కళ్ళజోడు తెమ్మని కోడల్ని కేకేశాడు. ఫోను దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు, ఎండ పడుతోందని కుర్చీ తిప్పించుకున్నాడు. మా నాన్న పేరు దగ్గర చాలాసేపు ఆగాడు. మా ఆయన, చూశావు కదా, చెప్పవయ్యా అన్నా పట్టించుకోలేదు. తరవాత నా వైపు చూసి, ముందు నువ్వు అనాల కదేటే అన్నాడు.

నేను వేలు చాపి పాస్ అన్నాను.

బాబాయి కుర్చీలోంచి లేచాడు. కోడలు పట్టుకోబోతే వద్దని చెయ్యి తోసేశాడు. నిటారుగా నిలబడి, వేలు ఆ ఫోను మీదికి చాపాడు.

“పాస్.”

అప్పుడు ఏడ్చాను. అప్పుడు నమ్మాను. మీ అందరికీ ఈ కబురు ఇంత ధైర్యంగా రాస్తున్నానంటే ఆ తరవాతే.

ఇప్పుడు మా చుట్టాలందరికీ ఆ ఫొటో పంపాను. ప్రతి ఫొటో కిందా రెండు నీలం గీతలు పడ్డాయి, చూశారని దాని అర్థమట. వీధి మొదట్లో కెమెరా పగలూ రాత్రీ మమ్మల్ని చూస్తూనే ఉంటుంది. చూసేవాళ్ళకి ఈ రోజుల్లో ఏం కొదవ లేదు. నిన్న ఊరు వెళుతూ తలుపు తాళం లాగి, అలవాటుగా తాళం అన్నాను. మా ఆయన స్కూటరు దిగి వచ్చి, తనూ ఒకసారి లాగి, తాళం అన్నాడు. ఆ మాట తిరిగి అనే మనిషి ఉన్నన్నాళ్ళూ పరవాలేదు. ఆ తరవాత ఏ తలుపు వేసినా వెనక్కి తిరిగి చూసుకుంటూనే ఉండాలేమో.