పచ్చదారం ఫైలు

చింతాద్రిపేటలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో రికార్డుల గది చూసుకునేదాన్ని. తొంభైల చివర్లో మా మేనేజరు కంప్యూటరు తెప్పించి, "ఇంక మీకు సర్దే పని లేదమ్మా. కాగితాలు స్కాన్ చేసి ఎక్కిస్తే చాలు, ఎవరివి వాళ్ళకి అదే చేరుస్తుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళుగా నేను చేసింది మరేమిటట?

మా పేటలో ఒక తెలుగు ఉమ్మడి కుటుంబం ఉండేది. ముగ్గురు అన్నదమ్ములకూ తలొక ఆడపిల్ల, ముగ్గురికీ నాయనమ్మ పేరే. అత్తగారి పేరు నోటితో పలకకూడదు గనక కోడళ్ళు ఆ పిల్లల్ని పెద్దమ్మి, నడిపమ్మి, చిన్నమ్మి అనే పిలిచేవాళ్ళు. అందుకని వాళ్ళ ఫైళ్ళకు నేను ఎర్రదారం, పసుపుదారం, పచ్చదారం కట్టుకున్నాను. పచ్చది చిన్నమ్మిది.

అట్టలు స్కానర్‌లో పట్టవంటే, దారాలు తెంపి అట్టలు ఊడదీసింది నేనే. అవన్నీ లారీలో ఎన్నూరు గోడౌనుకు పోయాయి.

ఆ వానాకాలం చిన్నమ్మిని భుజాన వేసుకుని వాళ్ళమ్మ పరుగున వచ్చింది. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది.

"అక్కా, అప్పుడు ఈడ సూదేస్తే దీని మొగమంతా వాచి ఊపిరాడలేదు గదా. మళ్ళీ ఆ మందు ఎయ్యొద్దని డాక్టరు ఎర్రసిరాతో రాసినాడే, దాని పేరేందో చూసి చెప్పక్కా!"

పేరు కొట్టాను. ముగ్గురు పిల్లలు కాదు, ఒక్క పిల్లే వచ్చింది. ఆ ఒక్క పిల్లకే మూడుసార్లు తట్టు పోసింది. సాఫ్ట్‌వేర్ రాసిన తమిళుల లెక్కలో ఇనీషియల్ అంటే తండ్రి పేరు. మనవాళ్ళకేమో ఇంటిపేరు. పేరొకటే, ఇనీషియల్ ఒకటే, ఇంటి నంబరూ ఒకటే. ఇంకేం, ముగ్గురినీ ఒక మనిషిని చేసేసింది. కాగితాలన్నీ తిరగేశాను. ఎర్రసిరా రాత ఎక్కడా లేదు. అది అట్ట మీద ఉండేది, ఆ అట్టేమో గోడౌనులో ఏ గుట్ట కింద ఉందో.

"నీకు గుర్తుంటాది గదక్కా! పచ్చదారం కట్టింది నువ్వే గదా" అని ఆమె నా చెయ్యి పట్టుకుంది.

గుర్తుంది. ఏ అరలో ఉండేదో గుర్తుంది, ఆ పేరు కింద రెండు గీతలున్నాయనీ గుర్తుంది. మందు పేరే గుర్తు లేదు. ఎంత తల బాదుకున్నా రాలేదు.

అది రాసిన డాక్టరు ఎప్పుడో మానేశాడు. ఏ సూదీ వేసే ధైర్యం చాలక కొత్త డాక్టరు వాళ్ళను ఇంకో పెద్ద ఆసుపత్రికి పంపేశాడు. మూడోరోజు చిన్నమ్మి పోయింది. జ్వరం వల్లో, సూది వల్లో వాళ్ళకు ఎవరూ చెప్పలేదట. కంప్యూటర్లో ఆ సంగతి ఎక్కించమంటే ఏడుస్తూనే ఎక్కించాను.

నెల తిరక్కుండా పెద్దమ్మికి దగ్గని వాళ్ళమ్మ తీసుకొచ్చింది. పేరు కొట్టాను. మనిషి చనిపోయింది, ఫైలు మూసేశామని తెర మీద వచ్చింది. పిల్ల బల్లకు అవతల నిలబడి దగ్గుతోంది.

"ఏమక్కా, మా పాపది రాలేదా?"

"కంప్యూటరు పని చెయ్యడం లేదమ్మా" అని అబద్ధమాడి, తెర పక్కకు తిప్పేశాను. సొరుగులోంచి కొత్త అట్ట, ఎర్రదారం తీశాను. అట్ట మీద పేరు రాసి, పక్కనే పెద్దమ్మి అని కూడా రాసి, ముడి వేశాను.