మచ్చుకి మా అత్తగారి నాడి

నేను నూజివీడు కాపురానికి వచ్చిన రెండో వేసవిలో నా గుండె దడదడలాడటం మొదలైంది. ఎనభైల తొలి సంవత్సరాల మాట. మధ్యాహ్నం భోజనాలయ్యి, ఇల్లు సద్దుమణిగి, నేను చాప మీద నడుం వాల్చగానే వచ్చేది. ముందు మెల్లగా, తర్వాత జోరుగా, చివరికి నా చెవులకే వినిపించేంతగా కొట్టుకునేది. అరచేతులు చెమట పట్టేవి. ఇక నా పని అయిపోయిందని కళ్ళు మూసుకునేదాన్ని. ఓ అరగంటకి అదే తగ్గిపోయేది, నేను లేచి వెళ్ళి అందరికీ కాఫీ కలిపేదాన్ని.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మ గుండెజబ్బుతో పోయింది. మా ఉంగుటూరులో అది అందరికీ తెలుసు. కానీ పెళ్ళిచూపుల నాడు అడిగితే మా నాన్న విషజ్వరం అని చెప్పారు. తల్లికి గుండెజబ్బంటే పిల్లని ఎవరు చేసుకుంటారని ఆయన భయం. పక్కగదిలో కూర్చుని ఆ మాట నేనూ విన్నాను, నోరు మెదపలేదు. ఇప్పుడు నాకూ అమ్మ జబ్బే వచ్చిందని తేలితే నా ప్రాణం సంగతి అలా ఉంచి, మా నాన్న అబద్ధాలకోరవుతారు, వీళ్ళు నన్ను తీసుకెళ్ళి ఆయన గుమ్మంలో దింపి వస్తారు. పగలంతా పనిలో మర్చిపోయిన ఈ ఆలోచన, నడుం వాల్చగానే వచ్చి పక్కన కూర్చునేది.

మా అత్తగారు మామిడికాయల వ్యాపారి. మామగారు పోయినప్పుడు మరుదులు వచ్చి వ్యాపారం మేం చూసుకుంటామంటే, అక్కర్లేదని చెప్పి తానే కాయల షెడ్డులో పీట వేసుకుని కూర్చున్న మనిషి. ఆగిరిపల్లి వైపు తోటల నుంచి కాయ దిగితే, అందులోంచి ఒక మంచి కాయ తీసి మచ్చుకని ముందు పెట్టుకునేవారు. మిగతా సరుకంతా ఆ మచ్చు పక్కన పెట్టి చూడాల్సిందే. దేన్నయినా ఒంటరిగా చూసి మంచీ చెడూ చెప్పకూడదని ఆవిడ సిద్ధాంతం. చీరలైనా, ఆవకాయ కారమైనా అంతే. నన్ను కూడా ఇంకో ఇద్దరు పిల్లల పక్కన పెట్టి చూసే తెచ్చుకున్నారని మావారు ఏడిపించేవారు. అందులో అబద్ధం లేదని తర్వాత తెలిసింది.

ఆవిడ కన్నుగప్పి ఎన్నాళ్ళు దాస్తాను? ఒక మధ్యాహ్నం షెడ్డు నుంచి తొందరగా వచ్చి, గుండె మీద చెయ్యి వేసుకుని గోడకి ఆనుకున్న నన్ను చూశారు. ఏంటని అడిగితే ఏమీ లేదన్నాను. చెయ్యి లాక్కుని నాడి పట్టుకున్నారు. మామగారి చివరి రోజుల్లో ఇంటికొచ్చే ఆయుర్వేద వైద్యుడి దగ్గర చూసి నేర్చుకున్న విద్య అది. కాసేపు చూసి, వేడి చేసిందన్నారు. అంతే, ఆ పూట నుంచి నాకు మామిడిపళ్ళు బంద్.

మంచాల కింద కూడా గడ్డిలో రసాలు మాగుతున్న ఇంట్లో నాకు బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు. ఆ వాసనకి నోరూరి, ఆ బార్లీ చూసి ఏడుపొచ్చి, మూడు వారాలు గడిపాను. ఊళ్ళో డాక్టరు బలానికి మాత్రలిచ్చాడు. అవీ మింగాను. గుండె మాత్రం తన టైము ప్రకారం వచ్చి కొట్టుకుని పోతూనే ఉంది.

అప్పుడు అత్తగారు తన పద్ధతిలోకి దిగారు. రోజూ మధ్యాహ్నం నా పక్కన కూర్చుని, ముందు నా నాడి చూసేవారు, తర్వాత తన నాడి తాను చూసుకునేవారు, మళ్ళీ నాది. పది రోజులు అలా చూసి తీర్పు చెప్పారు. తన నాడి పెద్దమనిషి తరహాగా, ఆగి, ఆలోచించుకుని, మళ్ళీ అడుగేస్తుందట. నాది ఎక్కడా ఆగకుండా ఒకటే పరుగట. కాబట్టి ఇది వేడి కాదు, గుండె జబ్బే. విజయవాడ తీసుకెళ్ళాలన్నారు. కాయ దిగే రోజుల్లో షెడ్డు వదిలి ఆవిడ ఊరు దాటడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చి, దారంతా నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకున్నారు. నేను మాత్రం ఆ డాక్టరు ఏం అడుగుతాడా, ఏం బయటపడుతుందా అని చచ్చిపోతున్నాను.

గుండె డాక్టరు పెద్దాయన, తొందర లేని మనిషి. దడ ఎప్పుడొస్తుందని అడిగారు. పడుకున్నప్పుడన్నాను. బరువులెత్తితే? రాదన్నాను. గంపలు మోసినా, బావిలో నీళ్ళు తోడినా, మెట్లెక్కినా రాదు. చిత్రంగా ఆ సంగతి ఆయన అడిగేదాకా నాకే తట్టలేదు. కళ్ళు తిరిగి పడిపోయానా, గుండెలో నొప్పి వచ్చిందా, ఆయాసం ఉందా, ఒక్కసారిగా మొదలవుతుందా మెల్లగా పెరుగుతుందా, ఇలా ఒక్కొక్కటే అడుగుతూ రాసుకున్నారు. ఆ తర్వాత, నేను భయపడుతున్న ప్రశ్న రానే వచ్చింది. ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా?

నేను తల దించుకున్నాను. పక్క నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"వాళ్ళమ్మ గుండెజబ్బుతోనే పోయిందండి. మాకు పెళ్ళికి ముందే తెలుసు."

నేను ఆవిడ వైపు చూడలేకపోయాను. వాళ్ళ నాన్న విషజ్వరమన్నప్పుడే ఆయన మొహం చూసి అనుమానమొచ్చి, ఉంగుటూరుకి మనిషిని పంపి కనుక్కున్నానని, పిల్ల నచ్చింది కాబట్టి ఊరుకున్నానని, కాయల బేరం చెప్పినంత మామూలుగా డాక్టరుకి చెప్పేశారు. రెండేళ్ళుగా నేను మోస్తున్న బండరాయి ఆవిడకి చింతగింజపాటి కూడా కాదు. ఏడవాలో నవ్వాలో తెలియక కొంగుతో మొహం తుడుచుకున్నాను.

డాక్టరుగారు నన్ను బల్ల మీద వేలితో కొట్టి చూపించమన్నారు, దడ వచ్చినప్పుడు గుండె ఎలా కొట్టుకుంటుందో అలాగే. నేను టకటకటకా కొట్టి చూపించాను. జోరుగా, కానీ ఒకే వరసలో. ఆయన తలూపారు. అత్తగారికి అది నచ్చలేదు. ఆ తలూపడం చూసి, డాక్టరు నా జబ్బుని తేలిగ్గా తీసేస్తున్నాడని అనుకున్నట్టున్నారు.

"చూశారాండి, ఎక్కడా ఆగదు. గుండె అన్నాక ఇదుగో, ఇలా కొట్టుకోవాలి కదా," అని తన నాడి మీద వేళ్ళు వేసుకుని, నేను తలూపినప్పుడల్లా నువ్వు బల్ల మీద కొట్టు అన్నారు. ఆవిడ తలూపినప్పుడల్లా నేను కొట్టాను. రెండు. ఆగాం. ఒకటి. మూడు గబగబా. మళ్ళీ ఆగాం, చాలాసేపు. ఒకటి.

డాక్టరుగారు రాస్తున్న పెన్ను కింద పెట్టి, నా చెయ్యి కాదు, ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. మేడ మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అమ్మా అని అడిగారు. అబ్బే, లేదన్నారావిడ. అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఆవిడ మెట్లెక్కుతూ సగంలో ఆగి, కిందికి తిరిగి మమ్మల్ని ఎవరినో ఒకరిని దేనికో దానికి కేకలేసి గానీ పైకెళ్ళరు. అది ఆవిడ దర్పం అనుకునేవాళ్ళం. అది ఊపిరి తీసుకోవడానికి అని నేనే డాక్టరుతో చెప్పాను. అత్తగారు నన్ను గుర్రుగా చూశారు గానీ కాదనలేదు.

ఇద్దరికీ ఇ.సి.జి. తీశారు. డాక్టరుగారు రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పరిచారు. నా కాగితం మీద గీతలు నాటు వేసిన వరసల్లా సమానంగా ఉన్నాయి. ఆవిడ కాగితం మీద ఒక దగ్గర గుంపుగా, ఒక దగ్గర ఖాళీగా. ఎప్పుడో చిన్నతనంలో వచ్చిన కీళ్ళజ్వరం వల్ల గుండెలో ఒక కవాటం దెబ్బతిని ఉంటుందని, ఇన్నాళ్ళూ పట్టించుకోలేదని ఆయన చెప్పారు. నాది భయం వల్ల వచ్చే దడ అన్నారు. భయమంటే ఉత్తిదని కాదట, గుండె కొట్టుకోవడం నిజమే, కారణం గుండెలో లేదు, అంతే. పరీక్ష చేయకుండా ఆ మాట చెప్పి పంపేయకూడదు కాబట్టి పరీక్ష చేశానన్నారు. దడ వచ్చినప్పుడు కూర్చుని నిదానంగా ఊపిరి వదలమన్నారు. ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోయినా, పని చేస్తుంటే దడ వచ్చినా ఆలస్యం చేయకుండా రమ్మన్నారు.

అత్తగారు ఆ రెండు కాగితాల వైపే చాలాసేపు చూశారు. పక్కన పెట్టి చూశాక ఆవిడకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

"అయితే మచ్చు కాయే పాడైపోయిందన్నమాట," అన్నారు.

నూజివీడు బస్టాండులో దిగింది మొదలు ఇల్లు చేరేదాకా, కనిపించిన ప్రతివాళ్ళకీ మా కోడలికి ఏమీ లేదట అని ఆవిడ చాటింపు వేశారు. కిళ్ళీ కొట్టు అతనికి, షెడ్డులో గడ్డి పరిచే ఆడవాళ్ళకి, అడగని వాళ్ళకి కూడా. తన సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. నీకేమన్నాడమ్మా అని మావారు అడిగితే, మాత్రలు ఇచ్చాడులే అని, నాకు రెండు రసాలు పిండి గ్లాసులో పెట్టమని వంటింట్లోకి కేకేశారు. ఆ గ్లాసు తాగుతూ ఏడ్చాను. ఇంత ప్రేమ ఎక్కడ దాచుకుంటుందీ మనిషి అని కోపం కూడా వచ్చింది.

మాత్ర వేసే బాధ్యత డాక్టరుగారు నాకు అప్పగించారు. రోజూ పొద్దున ఒక నిమిషం నిండా నాడి లెక్కపెట్టి, అరవైకి తగ్గితే ఆ రోజు మాత్ర వేయకుండా తనకి కబురు చేయమన్నారు. మర్నాడు మావారి వాచీ తెచ్చుకుని అత్తగారి పక్కన కూర్చున్నాను. ఆవిడ చెయ్యి నా చేతిలోకి తీసుకుని లెక్క మొదలుపెట్టాను. నాలుగు కొట్టుకుని ఆగింది. రెండు గబగబా కొట్టుకుని మళ్ళీ ఆగింది. అలా ఆగినప్పుడు నా గుండె దడదడలాడటం మొదలుపెట్టింది, చెవులకి వినిపించేంతగా, అరచేతులు చెమట పట్టేంతగా. ఈసారి అదేమిటో నాకు తెలుసు. నాకేదో అయిపోతుందన్న భయం కాదు. ఈవిడ నాకు లేకుండా పోతారేమోనన్న భయం.

"అరచెయ్యి ఇలా చెమట పట్టిందేంటి అమ్మాయ్? నీకేం లేదన్నాడుగా," అన్నారు.

"నాకేం లేదండీ," అన్నాను. లెక్క తప్పింది. ఆవిడ చెయ్యి వదలకుండా మళ్ళీ ఒకటి దగ్గర నుంచి మొదలుపెట్టాను.